స్లర్మ్‌లో రెండు నోడ్లు డౌన్, మంజ్ కీ మాత్రం సరిగ్గానే ఉంది

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు):
అన్నా, ఆరు సర్వర్లతో (ఒక్కోటీ ఒక నోడ్) చిన్న క్లస్టర్ పెట్టా, పనుల్ని వాటికి పంచడానికి స్లర్మ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా. శుక్రవారం కరెంటు పోయొచ్చాక రెండు నోడ్లు డౌన్ అంటున్నాయి. సర్వర్లు ఒకదాన్నొకటి నమ్మడానికి వాడే మంజ్ ప్రోగ్రామ్ రహస్య కీ అన్నిట్లో ఒకటే, చెక్‌సమ్ (ఫైళ్లు ఒకటేనా అని పోల్చే సంఖ్య) కూడా చూశా. స్లర్మ్ మాట్లాడుకునే 6817, 6818 నెట్‌వర్క్ పోర్టులు తెరిచే ఉన్నాయి. క్లస్టర్‌ని నడిపే కంట్రోలర్ లాగ్‌లో "ఎక్స్‌పైర్డ్ క్రెడెన్షియల్" (గుర్తింపు చీటీ గడువు తీరింది) అని ఒకటే గోల. రాత్రి పదకొండైంది, పీజీలో సాంబారు కూడా అయిపోయుంటుంది.

జవాబు 1:
తమ్ముడూ, కీ జోలికి పోకు. ఆ రెండింట్లో టైమ్ చూడు. మంజ్ రాసిచ్చే చీటీ మామూలుగా 300 సెకన్లే చెల్లుతుంది. నోడ్ గడియారం అంతకన్నా వెనకబడితే "ఎక్స్‌పైర్డ్", ముందుకు పరిగెడితే "రివౌండ్" (చీటీ మీద ఇంకా రాని టైమ్ ఉంది) అంటుంది. నేనోసారి కీ మూడుసార్లు మార్చి తెల్లారగట్ల గానీ గడియారం చూడలేదు.

జవాబు 2:
పోర్టులు తెరిచానన్నావు, ఎవరికి తెరిచావు? క్లస్టర్ సబ్‌నెట్‌కే (దాని సొంత నెట్‌వర్క్‌కే) ఇవ్వు, ఆఫీసు వైఫైకి కాదు. కీ ఫైలు ఓనర్ మంజ్, పర్మిషన్ 0400 (ఓనర్ ఒక్కడే చదవగలిగేలా) ఉండాలి. అది చేతికి చిక్కినవాడు రూట్ (సర్వర్‌పై పూర్తి అధికారం ఉన్న యూజర్) పేరుతో కూడా చీటీ రాసుకోగలడు. కాపీ చేసేటప్పుడు టెంప్ ఫోల్డర్‌లో వదిలేశావేమో, అదీ చూసుకో.

ప్రశ్న అడిగినవారు:
ఏడు నిమిషాలు వెనక! గడియారాన్ని సరిచూసే క్రోనీని చేత్తో స్టార్ట్ చేశానే గానీ, సర్వర్ ఆన్ అయినప్పుడల్లా దానంతటదే మొదలయ్యేలా ఎనేబుల్ చేయలేదు. క్రోనీ మేక్‌స్టెప్ కమాండ్ కొట్టి టైమ్ సరిచేసి, స్లర్మ్ కమాండ్ ఎస్‌కంట్రోల్‌తో నోడ్లని రిజ్యూమ్ చేశా, రెండూ ఐడిల్‌కి (పనికి సిద్ధం) వచ్చాయి. టెంప్‌లో కీ... ఉంది అన్నా. తీసేసి కొత్త కీ పెడుతున్నా.