మూత్ర కల్చర్‌లో ఏమీ పెరగనప్పుడు నెలల తరబడి యాంటీబయాటిక్ వాడటం సమంజసమేనా?

నీలిమ:
నాలుగేళ్లుగా మూత్రాశయపు నొప్పితో బాధపడుతున్నాను. మూత్రం చేరే కొద్దీ పొత్తికడుపు లోపల గీరుతున్నట్టుగా నొప్పి పెరుగుతుంది, వెళ్లొచ్చాక కాసేపు తగ్గుతుంది. కొలత గీతలున్న జగ్గులో పట్టి చూస్తే ఒక్కోసారి 80 మిల్లీలీటర్లకు మించి ఉండదు. రాత్రిపూట ఆరేడుసార్లు లేస్తాను. ఇప్పటికి తొమ్మిది కోర్సుల యాంటీబయాటిక్ మింగాను, మూత్రంలో బాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షలో మాత్రం ఒక్కసారీ ఏమీ పెరగలేదు. మాత్రలు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు ఉపశమనం కలుగుతుంది, నెల తిరగకుండానే నొప్పి మళ్లీ వస్తుంది. ఒక వైద్యులు ఇన్ఫెక్షన్ లోపల దాగి ఉందని, ఆరు నెలలు ఆపకుండా వాడమని అంటున్నారు. మరొకరు ఇది ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ (ఇన్ఫెక్షన్ లేకుండానే మూత్రాశయం దీర్ఘకాలం నొప్పిపెట్టే జబ్బు) అని, యాంటీబయాటిక్‌తో పని లేదని అంటున్నారు. ఎవరి మాట వినాలి?

రఘురాం:
వాడమనే నా అభిప్రాయం. మిల్లీలీటరుకు లక్ష బాక్టీరియా ఉంటేనే ఇన్ఫెక్షన్ అనే కొలమానం 1950ల దశకంలో ఎడ్వర్డ్ కాస్ పరిశోధనల నుంచి వచ్చింది. అది ప్రధానంగా కిడ్నీ దాకా ఇన్ఫెక్షన్ పాకిన స్త్రీలను చూసి నిర్ణయించినదే తప్ప, మూత్రాశయపు నొప్పి ఉన్నవారి కోసం పెట్టినది కాదు. 2014లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మరింత విస్తృతమైన పద్ధతిలో పరీక్షించిన 65 మూత్ర నమూనాలలో 52 నమూనాల్లో బాక్టీరియా పెరిగింది. అందులో 48 నమూనాలు మామూలు కల్చర్‌లో ఏమీ లేదని వచ్చినవే. నా భార్య ఎనిమిది నెలలు వాడిన తరువాతే తిరిగి ఉద్యోగానికి వెళ్లగలిగింది. ఒక కాగితం చూసి ఆమెకు జబ్బే లేదన్నవారిని నేను మరచిపోలేను.

శారద:
రఘురాం గారూ, కల్చర్‌కు పరిమితులున్నాయన్న మీ మాట నిజమే. అయితే మీరు చెప్పిన అధ్యయనంలోనే, మూత్ర సమస్య లేని స్త్రీల నమూనాలలోనూ బాక్టీరియా కనిపించింది. బాక్టీరియా ఉండటం వేరు, అది నొప్పికి కారణం కావడం వేరు. ఈ జబ్బు దానంతట అదే ఎగసి, దానంతట అదే నెమ్మదిస్తుంది. నొప్పి భరించలేని స్థాయికి చేరినప్పుడే మాత్ర మొదలుపెడతాం కాబట్టి, సహజంగా తగ్గిన నొప్పిని కూడా మాత్ర ఖాతాలోనే వేస్తాం.

నీలిమ గారూ, నైట్రోఫ్యూరాంటోయిన్ వంటి యాంటీబయాటిక్ నెలల తరబడి వాడితే కొందరిలో ఊపిరితిత్తులకు, కాలేయానికి, నరాలకు హాని కలగవచ్చు. అంతకంటే నన్ను భయపెట్టేది చేజారే కాలం. నాకు రెండేళ్లు అలాగే పోయాయి. చివరకు సిస్టోస్కోపీలో, అంటే సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్షలో, మూత్రాశయపు గోడమీద హన్నర్ పుండ్లు కనిపించాయి. గై హన్నర్ అనే వైద్యుడు 1915లోనే వర్ణించిన ఈ పుండ్లు ఏ మూత్ర పరీక్షలోనూ బయటపడవు. వాటిని కాల్చిన తరువాత రాత్రి రెండుసార్లు లేస్తే సరిపోతోంది. మళ్లీ రావచ్చని, మళ్లీ కాల్చాల్సి రావచ్చని వైద్యులు ముందే చెప్పారు.

ఈ పుండ్లు కొద్దిమందిలోనే ఉంటాయి. చాలామందిలో పెల్విక్ ఫ్లోర్ కండరాలు (మూత్రాశయాన్ని కింది నుంచి పట్టి ఉంచేవి) బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటివారికి ఆ బిగువును చేత్తో సడలించే ఫిజియోథెరపీ ఇచ్చినప్పుడు, 2012 నాటి ప్రయోగంలో 59 శాతం మంది మెరుగయ్యారు, మామూలు మర్దన పొందినవారిలో 26 శాతమే. దయచేసి ఆ కండరాలను బిగించే కీగెల్ వ్యాయామాలు మాత్రం మొదలుపెట్టకండి, బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించినట్టవుతుంది. ఇన్ఫెక్షన్ రుజువు కానప్పుడు దీర్ఘకాలం యాంటీబయాటిక్ ఇవ్వవద్దని అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

రఘురాం:
పుండ్ల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. అయినా రుజువు లేదనే ముందు, దానికోసం సరిగా వెతికారా అని అడగాలి. లక్షణాలున్న స్త్రీలలో మిల్లీలీటరుకు 100 బాక్టీరియా ఉన్నా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుందని 1982లోనే ఒక అధ్యయనం చూపింది. తక్కువ సంఖ్యలను కూడా రిపోర్టులో రాయమని ల్యాబ్‌ను కోరండి, మాత్ర వేసుకోకముందే నమూనా ఇవ్వండి.

శారద:
అందులో మనకు భేదం లేదు. కల్చర్‌లో తేలితే ఆ బాక్టీరియాకు తగిన మందు వాడవలసిందే.

నీలిమ:
పాత చీటీల తేదీలు ఇప్పుడే సరిచూశాను. తొమ్మిది కల్చర్‌లలో ఐదింటికి నమూనా ఇచ్చింది మాత్రలు మొదలుపెట్టిన తరువాతే. సిస్టోస్కోపీ మాట ఇన్నేళ్లలో ఎవరూ ఎత్తలేదు. ఆరు నెలల చీటీని పక్కన పెట్టి, ముందుగా ఈ రెండింటి గురించి యూరాలజిస్టును అడుగుతాను.