జిడ్డు ముఖం, మొటిమలు, బోరు నీళ్ళు: ముందు ఏం కొనాలి, ఏ వరసలో రాయాలి?

హాస్టల్_214:
అందరికీ నమస్తే. వయసు 21, హైదరాబాద్‌లో హాస్టల్. మధ్యాహ్నానికల్లా ముఖం జిడ్డోడుతుంది, నుదుటి మీదా గడ్డం మీదా మొటిమలు. ఇప్పటిదాకా ఒంటి సబ్బే ముఖానికీ. కడగ్గానే చర్మం బిగుసుకుపోతుంది, గంటకి మళ్ళీ జిడ్డు. వీడియోల్లో టోనర్, సీరమ్, ఎసెన్స్ అంటూ పది సీసాలు చూపిస్తున్నారు. నెలకి ఐదారు వందలు మించి పెట్టలేను. ఏవి తప్పనిసరి? ఎంతెంత రాయాలి? ఇంకోటి, రూమ్మేట్ మెడికల్ షాపులో ఒక ట్యూబు కొంది, వారంలో ముఖం తెల్లబడుతుందంటోంది. అది వాడొచ్చా?

మెత్తని_నురగ:
మూడు చాలండి. ఫేస్ వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. మిగతా సీసాల జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ముందు సబ్బు మానేయండి. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మం పైపొర ఐదు చుట్టుపక్కల. కడిగిన ప్రతిసారీ ఆ పైపొర దెబ్బతింటుంది, లోపలి తేమ ఆరిపోతుంది. మీకు బిగుసుకుపోయినట్టు అనిపించేది అదే. చాలామంది దాన్ని శుభ్రం అనుకుంటారు. పైగా బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచున పేరుకునేది అదే, కొంత ముఖం మీదా మిగులుతుంది. సబ్బు కలవని ఫేస్ వాష్‌కి ఈ తెట్టు కట్టదు. లేబుల్ మీద ‘సోప్ ఫ్రీ’ అనో ‘పీహెచ్ 5.5’ అనో ఉందేమో చూడండి. చివర్లో ఒక మగ్గు ఫిల్టర్ నీళ్ళతో కడిగితే ఇంకా మంచిది.

రోజుకి రెండుసార్లు చాలు. శనగ గింజంత తీసుకుని, తడి చేతుల్లో నురగ చేశాక ముఖానికి పెట్టండి. అర నిమిషం వేళ్ళతో తిప్పి కడిగేయండి. చెవుల ముందు, దవడ కింద, జుట్టు మొదలయ్యే చోట నురగ మిగిలిపోతుంటుంది, అక్కడ పొక్కులొస్తే కారణం అదీ కావచ్చు. తువ్వాలుతో రుద్దొద్దు, అద్దండి చాలు.

ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. జిడ్డు ముఖానికి అదెందుకు అంటారేమో. జిడ్డు నూనె, తేమ నీరు, రెండూ వేరు. పైన నూనె కారుతున్నా లోపల నీళ్ళు తక్కువుండొచ్చు. మీకు క్రీమ్ కాదు, జెల్ లాంటి పల్చటిది కావాలి. గ్లిజరిన్ ఉన్నది చాలు, వందల రూపాయలు పోయక్కర్లేదు. రెండు బఠాణీ గింజలంత ముఖం మొత్తానికి.

ఒకేసారి మూడూ మొదలుపెట్టొద్దు. ఒక్కోదానికీ వారం గడువివ్వండి. లేకపోతే దద్దుర్లొస్తే ఏది పడలేదో తెలియదు. ముందు చెవి వెనక రెండు మూడు రోజులు రాసి చూడండి.

ఎండ_నీడ:
సన్‌స్క్రీన్ సంగతి నేను చెప్తాను. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

తప్పు బ్రాండులో కంటే కొలతలోనే ఎక్కువ. ఎస్‌పీఎఫ్ (ఎండకి చర్మం కమలకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె) పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూస్తారు. మనం ఇళ్ళల్లో రాసేది అందులో సగం కూడా ఉండదు. అంటే అట్ట మీద 50 అని ఉన్నా మీకు అందేది దానికి ఎంతో తక్కువ. చూపుడువేలు, నడిమివేలు కలిపి పెట్టి, మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు పిండండి. ముఖానికి, మెడకి అంత పడుతుంది. సుమారు ఒక గ్రాము. రోజుకి ఒక్కసారే రాసినా 50 గ్రాముల ట్యూబు యాభై రోజులు దాటితే అనుమానించాల్సిందే. మూడు నెలలొచ్చిందంటే సరిపడా రాయడం లేదని అర్థం.

మొత్తం ఒక్కసారిగా పూస్తే జారుతుంది, ఉండలు కడుతుంది. ఒక గీత రాసి రెండు నిమిషాలాగి రెండోది రాయండి. మాయిశ్చరైజర్ ఆరకముందే రాసినా ఉండలే. చెవులు, మెడ వెనక మరిచిపోవద్దు. బయల్దేరడానికి పావుగంట ముందే రాసుకోండి. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ. హాస్టల్ నుంచి కాలేజీకి వెళ్ళి లోపలే కూర్చునేవాళ్ళు మధ్యాహ్నం బయటికొచ్చే ముందు ఇంకోసారి రాస్తే సరిపోతుంది.

ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో (చర్మాన్ని కమిలించే ఎండ కిరణాలు) సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. అంకె కోసం డబ్బు తగలేయొద్దు. పీఏ పక్కన మూడు ప్లస్‌లైనా ఉన్నాయేమో చూడండి, అది యూవీఏ (చర్మంలో ఇంకా లోతుకి దిగే కిరణాలు) సంగతి చెప్తుంది. బస్సు కిటికీ అద్దంలోంచి వచ్చేదీ, మొటిమ పోయాక మిగిలే మచ్చని ముదరబెట్టేదీ ఎక్కువగా అదే. మంగు ఉన్నవాళ్ళకి వెలుతురు కూడా చేటే, అందుకని ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ మేలు.

మందుల_చీటీ:
హాస్టల్_214 గారూ, రూమ్మేట్ ట్యూబు మాత్రం ముట్టుకోకండి. అట్ట తిప్పి చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. పక్కనే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కూడా ఉన్నాయంటే అది మంగుకి డాక్టర్లు కొన్ని వారాలకే రాసే మూడు మందుల కలయిక. రోజూ పూసుకునే ఫేస్ క్రీమ్ కాదు.

వారంలో తెల్లబడటం నిజమే. స్టెరాయిడ్ రక్తనాళాల్ని కుదించి, వాపు అణచేసి, రంగు తయారీని తగ్గిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడి ఎర్రటి సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఒకే తీరు మొటిమలు గుంపుగా లేస్తాయి, పై పెదవి మీద, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఎండలోకి వెళ్తే మంట. భయపడి మానేస్తే కొద్ది రోజుల్లో ముఖం ఎర్రగా ఉబ్బుతుంది, దాంతో మళ్ళీ రాస్తారు. వలయం అలా బిగుసుకుంటుంది. మన దగ్గర 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూత మందుల్ని చీటీ లేనిదే అమ్మకూడదన్న జాబితాలో చేర్చారు. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. ఆమె నెలలుగా వాడుతుంటే సొంతంగా ఆపకుండా చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి, నెమ్మదిగా తగ్గించే పద్ధతుంది.

నిమ్మరసం, వంటసోడా కూడా వద్దు. నిమ్మరసం పట్టిన చర్మానికి ఎండ తగిలితే కాలి నల్లమచ్చ పడుతుంది, నెలల తరబడి పోదు. బరకగా ఉన్న శనగపిండితో మొటిమల మీద రుద్దినా అంతే, గోకినట్టే.

హాస్టల్_214:
చాలా థాంక్స్ అండి. ట్యూబు మీద మొమెటాసోన్ అనే ఉంది, ఆమెకి చూపించాను. మరి మొటిమలకి మందు ఏదీ వద్దా? నుదుటి మీదవి చిన్నగా, ఒకే సైజులో ఉన్నాయి, దురద కూడా.

మెత్తని_నురగ:
దురద ఉందంటే అది వేరు. చిన్నగా, ఒకే సైజులో, నుదుటి మీద, దురదతో వస్తే మొటిమ కాక మలాసెజియా అనే ఈస్ట్ (ఒకరకం ఫంగస్) కారణం కావచ్చు. అది నూనె తిని బతుకుతుంది. తలకి రాత్రంతా నూనె పెడుతున్నారా? దిండు గలీబు ముట్టుకుని చూడండి, జిడ్డుగా తగిలితే ఆ నూనె నుదుటికీ పడుతున్నట్టే. స్నానానికి గంట ముందు రాసి కడిగేయండి, గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. నాలుగు వారాల్లో తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, దీనికి వాడేది ఫంగస్ మందు.

గడ్డం మీదివి మామూలు మొటిమలే అయితే, ఫేస్ వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ నెల రోజులు వాడి పడ్డాయనుకున్నాక బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ చేర్చొచ్చు. రాత్రిపూట కడిగిన ముఖానికి పల్చగా రాసి, మొదట్లో ఐదు నిమిషాలుంచి కడిగేయండి, రోజు విడిచి రోజు. తువ్వాలు, గలీబు తెల్లవి వాడండి, రంగు బట్ట తగిలితే వెలిసిపోతుంది. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే రాయొద్దు, బ్యాక్టీరియా దానికి అలవాటుపడి మందు పనిచేయడం మానేస్తుంది. అడాపలీన్ అనే ఇంకో మొటిమల మందు డాక్టర్ చీటీతోనే, గర్భంతో ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు. ఏది వాడినా తేడా కనపడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, రెండు వారాలకే మార్చేయకండి.