వాల్‌పోస్టర్ హెడ్డింగుకి రాక్‌వెల్ ఫాంటా, క్లారెండన్ ఫాంటా?

తెనాలి డీటీపీ:
అందరికీ నమస్కారం. మా ఊరి నాటక పోటీలకి డబుల్ క్రౌన్ (20×30 అంగుళాలు) వాల్‌పోస్టర్ చేస్తున్నాను. పైన ‘నాటకోత్సవాలు’, దాని కింద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ‘డ్రామా ఫెస్టివల్’. అక్షరం కాళ్ళకింద పీటలు వేసినట్టుండే స్లాబ్ సెరిఫే వాడాలని నా పట్టుదల. మా నాన్నగారు కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు మీద వేసిన పోస్టర్లు ఇంకా బీరువాలో ఉన్నాయి, ఆ నిండుదనం కావాలి. రాక్‌వెల్ ఎక్స్‌ట్రా బోల్డ్ పెడితే ‘డ్రామా’లో ఆర్ పాదం, ఏ పాదం ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. పైగా రాక్‌వెల్ ఏకి నెత్తిమీద కూడా ఒక పట్టీ ఉంటుంది కదా, పైనా కిందా ఇరుకైపోయింది. ఏం చెయ్యమంటారు?

పాత కంపోజిటర్:
బాబూ, ముందు ఎడం పెంచు. పీటలున్న అక్షరాలకి కంప్యూటర్ ఇచ్చిన ఎడం ఎప్పుడూ చాలదు. ఆర్, ఏ మధ్య కంటితో చూసి జరుపు, కొలతతో కాదు.

ఇక క్లారెండన్ సంగతి. 1845లో లండన్‌లో రాబర్ట్ బెస్లీ అక్షరాల ఫౌండ్రీ తెచ్చింది. పేరాలో ఒక్క మాట కొట్టొచ్చినట్టు కనపడటానికే దాన్ని పోతపోశారు. అందుకే నిఘంటువుల్లో ఆరోపాలకి, అంటే అర్థం చెప్పే ముందుమాటలకి, అంతగా వాడారు. అక్షరం నిలువుగీత పీటని కలిసేచోట చిన్న వంపు ఉంటుంది, గీతల్లో లావూ సన్నమూ ఉంటాయి. ఆర్ తోక పైకి తిరిగి ఆగుతుంది కాబట్టి పక్క అక్షరాన్ని పొడవదు. రాక్‌వెల్ 1934 నాటి మోనోటైప్ కంపెనీ సరుకు. వృత్తం, గీత, అంతా ఒకే లావు. నాటకానికి నా ఓటు క్లారెండన్‌కే, దానికి మనిషి నడక ఉంది.

పెద్ద సైజుల్లో సీసం అక్షరం మోయలేనంత బరువు. అందుకే అమెరికాలో డేరియస్ వెల్స్ 1827లో చెక్క అక్షరాల్ని మిషన్ మీద కోయడం మొదలుపెట్టాడు. సన్నగీత చెక్కలో విరుగుతుంది, పీట నిలుస్తుంది. ఆ పోస్టర్ల నిండుదనం ఇక్కణ్ణుంచి వచ్చిందే.

అక్షరదీపిక:
అన్నా, క్లారెండన్ కొనాలి. ఖర్చు వద్దనుకుంటే ఆల్ఫా స్లాబ్ వన్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, కానీ ఒకే లావులో దొరుకుతుంది. చిన్న సైజు అక్షరాలకి మాత్రం పెట్టకు, ఇంగ్లీషు ‘ఈ’ కడుపు సిరాతో పూడిపోతుంది.

తెలుగుకి పీటలు అతికించొద్దు, దయచేసి. తలకట్టే మన అక్షరానికి గుర్తు, దాన్ని పలక చేస్తే అక్షరం పరాయిదవుతుంది. లావు సరిపోతే చాలు. రామభద్ర అనే తెలుగు ఫాంట్ పెట్టి చూడు. ‘త్స’ దగ్గర ఒత్తు కిందికి దిగి ఇంగ్లీషు వరసని తాకుతుంది, అక్కడ ఖాళీ వదులు.

తెనాలి డీటీపీ:
బాబాయ్ గారూ, చెల్లెమ్మా, ధన్యవాదాలు. క్లారెండన్ బోల్డ్, రామభద్ర పెట్టాను. ఆర్, ఏ మధ్య మూడుసార్లు జరిపాను. ‘త్స’ ఒత్తుకి ఇంగ్లీషు వరస అర అంగుళం కిందికి దించాను. ప్రూఫ్ షాపు గోడకి అంటించి రోడ్డు అవతల టీ బడ్డీ దగ్గర నిలబడి చూశాను, రెండు వరసలూ చదవబడుతున్నాయి. నాన్నగారికి కూడా చూపించాను. కళ్ళజోడు తీసి, “సిరా ఇంకొంచెం ఎక్కించు” అన్నారు.