ఆర్ట్ కాలేజీలో చేరలేకపోయిన బాధను ఇప్పటి సాధనకు ఎలా మళ్లించుకోవాలి?

తెల్లకాగితం:
అందరికీ నమస్కారం. 1996లో ఇంటర్ పూర్తికాగానే మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కళాశాల దరఖాస్తు తెచ్చి, నింపి, ఫొటో కూడా అతికించాక, మా నాన్నగారు "బొమ్మలు గీస్తే బువ్వ ఎట్లొస్తది బిడ్డా" అన్న ఒక్క మాటకు దానిని బీరువాలో పెట్టేసి బీకాంలో చేరాను. ఆయనను తప్పుపట్టను, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. ఇప్పుడు నాకు 47 ఏళ్లు, ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను, అమ్మాయి హాస్టల్‌కు వెళ్లిపోవడంతో సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నాయి. అయితే మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీలో ఏదైనా ప్రదర్శన చూసి వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు ఉత్సాహంగా గీసి, "అప్పుడే చేరి ఉంటే ఈపాటికి ఎక్కడ ఉండేదాన్నో" అనుకుంటూ ఆపేస్తున్నాను. ఇష్టపడి కొన్న, నీటిరంగులకు వాడే మందమైన 300 జీఎస్ఎం కాగితాల కట్ట, పాడుచేస్తానేమోనన్న భయంతో, ఇంకా విప్పనే లేదు. ఈ బాధ నన్ను వెనక్కి లాగకుండా ముందుకు నెట్టేలా చేసుకోవడం ఎలా?

బొగ్గుముక్క:
అమ్మా, నేను ఆ కళాశాలలోనే, మీరు చెప్పిన సంవత్సరానికి కొంచెం ముందు చదివాను. మీరు పోల్చుకుంటున్నది జరగని జీవితంతో కాబట్టి జరిగినదేమిటో చెబుతాను. మా తరగతిలో ఈనాడు కేవలం చిత్రాలు అమ్ముకుని బతుకుతున్నవారిని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు ఎక్కువ. మంచి చేయి ఉన్న ఇద్దరు సినిమా బ్యానర్లు, దుకాణాల బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఊడ్చిపెట్టుకుపోయింది. నేను బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పదవీవిరమణ చేశాను. కళాశాల మాకిచ్చింది పేరు కాదు, లెక్కలేనన్ని చెడ్డ బొమ్మలు వేసే అవకాశం. నాంపల్లి స్టేషన్‌లో బెంచీల మీద నిద్రపోతున్న ప్రయాణికులను, వారు లేచేలోపు, పదేసి నిమిషాల్లో గీసుకురమ్మనేవారు. ఇరవై గీస్తే ఒకటి నిలబడేది. మీరు పోగొట్టుకున్నది అదే అయితే, దానికి అడ్మిషన్ అక్కర్లేదు. ఆ కట్టను పక్కన పెట్టి, గీతల్లేని మామూలు నోటుపుస్తకం కొనుక్కోండి. పేజీ చింపవద్దు, కింద తేదీ వేయండి.

అరసున్న:
మాస్టారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, అక్కడ చదివినవారికి "పెద్దగా పోయిందేమీ లేదు" అనడం సులువు. పోయింది; సాటివారి మధ్య కూర్చుని గీసే ఆ వయసు మళ్లీ రాదు, దానికి బాధపడే హక్కు ఆమెకుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై దాటాక బొమ్మలు మొదలుపెట్టి, 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టారని అందరూ ఉదాహరణ చెబుతారు. అప్పటికే నోబెల్ అందుకున్న మనిషితో మనకు పోలికేమిటని నాకు ఎప్పుడూ చిరాకే. నాకు నచ్చేది వేరే సంగతి: రాతప్రతుల్లో కొట్టివేసిన పదాలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోగా, అవే పక్షులుగా, ముఖాలుగా మారాయట. చేతిలో ఉన్నదానితోనే మొదలుపెట్టారన్నమాట. మీ చేతిలో లెక్కల అలవాటు ఉంది, అది నీటిరంగులకు పనికొస్తుంది. పారదర్శక నీటిరంగుల్లో తెలుపును పూయరు, కాగితాన్నే వదిలేస్తారు. ఎక్కడ వదలాలో రంగు ముట్టకముందే తేల్చుకోవాలి. దుర్గం చెరువు దగ్గరి బండలు వేస్తూ నేను ఆ ఓపిక లేకనే ఎన్నో కాగితాలు బురద చేశాను. మీకు ఆ ఓపిక నాకంటే ఎక్కువే ఉండవచ్చు.

తెల్లకాగితం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, "పోగొట్టుకున్నది ఏది" అన్న చోట ఆగి ఆలోచించాను. నిజం చెప్పాలంటే నాకు పేరు కూడా కావాలనిపించేది, అది ఒప్పుకున్నాక కొంత తేలికపడ్డాను. ఆదివారం ఉదయం కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర చెట్టు కింద కూర్చుని, నలభై రూపాయల నోటుపుస్తకంలో పదకొండు బొమ్మలు గీశాను. పక్కన నిలబడి చూసిన ఒక పిల్లవాడు ఉల్లిగడ్డా అని అడిగాడు. అడిగింది న్యాయమే: గుమ్మటం ఎడమవైపు ఒకలా, కుడివైపు మరోలా వచ్చింది. మధ్యలో నిలువు గీత గీసుకుని రెండు వైపులా కొలుచుకోవాలా, లేక కంటితోనే సరిచూసుకోవాలా, చెప్పగలరా?