ఈ వారం సమస్య: శవము లేచి వచ్చి సరసమాడె

నిర్వాహకుడు: పై సమస్య ఆఖరి పాదంగా, అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలూ పూరించాలి. పాత నవలల్లోకి భూతాలను చొప్పించే పేరడీలే ఈసారి వస్తువు. దారి చూపింది ఫిలడెల్ఫియాలోని క్విర్క్ బుక్స్. జేన్ ఆస్టిన్ 1813 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను సెత్ గ్రాహమ్ స్మిత్ 2009లో జాంబీలతో (లేచి తిరిగే శవాలతో) నింపాడు. వాక్యాలు ఎక్కువగా ఆమెవే. కాపీరైట్ లేదు కనుక అడిగేవాళ్ళూ లేరు. అట్టమీద మాత్రం ఇద్దరి పేర్లూ వేశారు, అంతవరకు మర్యాదే. ఛందస్సు ఆటవెలది.

నిద్రలేమి:
పెండ్లికొఱకు వెదకు బెన్నెట్టు కూఁతుండ్రు
కత్తిసాము నేర్చి కావలుండ
నాట్యశాల నడుమ నవ్వుచు నొకనాఁడు
శవము లేచి వచ్చి సరసమాడె

యతిప్రియుడు: మొదటి పాదంలో పె-బె యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొంతన) హాయిగా ఉంది. కానీ నాయనా, సమస్య తీరలేదు. ఆ పుస్తకంలో మెరిటన్ డాన్సులోకి చొరబడ్డ శవాలు సరసమాడవు, మెదళ్ళు తింటాయి. అక్కచెల్లెళ్ళు ఐదుగురూ వ్యూహం కట్టి నరికేస్తారు. శవానికి సరసమెందుకో చెప్పకుండా 'నవ్వుచు' అని పాదం నింపేశారు.

డాలస్ అమ్మాయి: తాతగారూ, ఇది చూడండి.
కాటు పడిన పిల్ల కాలిన్సు సతియయ్యె
మాట తడబడంగ మగఁడెఱుఁగఁడు
విందువేళ నతఁడు పిలువఁగ ముద్దుగా
శవము లేచి వచ్చి సరసమాడె

యతిప్రియుడు: భేష్! ఇది పూరణ. ఆస్టిన్ నవలలో బెన్నెట్టు పిల్ల ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్‌కు 27 ఏళ్ళు, ఆస్తి లేదు. ప్రేమ లేకున్నా నీడ దొరుకుతుందని కాలిన్సు అనే పాదిరీని కట్టుకుంటుంది. పేరడీలో ఆమెను జాంబీ కరుస్తుంది, రోజురోజుకూ మాట ముద్దయిపోతుంది, మొగుడు మాత్రం గమనించడు. అసలు నవలలోనే ఆ సంసారంలో సగం ప్రాణం లేదు కదమ్మా! రచయిత అది కనిపెట్టి కోరలు పెట్టాడు. నింజాలూ కత్తులూ మొదటి యాభై పేజీల దాకా నవ్విస్తాయి, తర్వాత విసుగే. షార్లెట్ కథ అలా కాదు. 'కాలిన్సు సతి' అనే దుష్టసమాసం (పరాయి మాటకు సంస్కృత పదం అతికించడం) హాస్యంలో చెల్లుతుంది, గంభీర కావ్యంలో వాడకండి.

నిద్రలేమి: సగం శవాన్ని శవం అనొచ్చా మరి?

డాలస్ అమ్మాయి: మొగుడే పట్టించుకోలేదు, మీకెందుకండీ!

కొత్త సభ్యుడు: ఆస్టిన్‌దే మరో నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'కి బెన్ వింటర్స్ రాసిన సముద్రపు భూతాల పేరడీ మీద:
మేరియాన యెదుట మెల్లఁగ నిలిచిన
ముసలి కర్నలుఁ గని మూతి ముడిచె
గడ్డమునకు బదులు ముఖమున వ్రేలాడ
శవము లేచి వచ్చి సరసమాడె

యతిప్రియుడు: మూడో పాదంలో 'గ'కు 'ము'తో యతి కుదరదు. పైగా ఏం వేలాడుతున్నాయో చెప్పలేదు. 'ముఖమున' తీసి 'కరములు' పెట్టండి, రెండూ సర్దుకుంటాయి. ఆ కర్నలు బ్రాండన్ ముఖాన ఆక్టోపస్ చేతుల్లాంటివే కదా ఉండేది. అతను చచ్చినవాడు కాడుగా అంటారేమో. 35 ఏళ్ళవాడిని మేరియాన్ కాటికి కాళ్ళు చాపినవాడిగా చూస్తుంది, కాబట్టి ఆఖరి పాదం ఆ పిల్ల వెక్కిరింత అనుకోవచ్చు. అయితే 'అనుచు' అనే మాట ఎక్కడో ఒకచోట పడాలి.

నిర్వాహకుడు: నాదీ ఒకటి.
చిన్ననాఁడు నేను విన్నట్టి నవలయే
కోఱ తొడిగి నేఁడు కూఁత వెట్ట
జడియకుండఁ బుటలు జరుపంగ నాదు శై
శవము లేచి వచ్చి సరసమాడె

నిద్రలేమి: శై-శవము, అంటే బాల్యం! శవాన్నే మాయం చేశారు!

యతిప్రియుడు: విరుపు పాతదే, అవధానాల్లో ఎన్నిసార్లు విన్నామో. చిన్న-విన్న ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొంతన) మాత్రం చక్కగా పడింది. నా ఓటు షార్లెట్‌కే.

నిర్వాహకుడు: అందరి ఓటూ అటే ఉంది. వచ్చే వారానికి 2010 నాటి 'ఆండ్రాయిడ్ కెరెనినా', టాల్‌స్టాయ్ నవలలో రైలు కింద పడి చనిపోయే అన్నా కథలో మరమనుషులు. సమస్య: "ఇనుము మనసు విఱిగి యేడ్చె నేఁడు". ఆటవెలదే. రైలు లేకుండా పూరిస్తే ఒప్పుకోను.