మందులు పనిచేయని డిప్రెషన్‌కి కెటమిన్ డ్రిప్పు పెట్టించొచ్చా?

లక్ష్మి_కాకినాడ: మా చెల్లికి డిప్రెషన్ అండి, ఏళ్ళుగా ఉంది. రెండు రకాల మందులు ఫుల్ డోసులో వాడినా గుణం కనపళ్ళేదు. సైకియాట్రిస్ట్ గారు కెటమిన్ గానీ ఈసీటీ (మెదడుకి కరెంట్ పెట్టే ట్రీట్‌మెంట్) గానీ ఆలోచించుకుని రమ్మన్నారు. ఎవరైనా పెట్టించారా?

రమణ_ఫార్మా: వద్దక్కా. అది ఆపరేషన్లకిచ్చే మత్తుమందు, పశువుల డాక్టర్లు కూడా అదే వాడతారు. గట్టి కంట్రోల్ ఉండే మందుల లిస్టు షెడ్యూల్ ఎక్స్‌లో ఊరికే పెట్టలేదుగా. మాథ్యూ పెర్రీ అనే హాలీవుడ్ నటుడు 2023లో దీనివల్లే పోయాడు.

గుంటూరు_శ్రీను: పెర్రీ దొడ్డిదారిన తెప్పించుకున్న మందు ఇంట్లో ఎక్కించుకున్నాడు, ట్రీట్‌మెంట్‌లో ఉండగా పోలేదు. డిప్రెషన్‌కి ఇచ్చేది కిలోకి అర మిల్లీగ్రాము, 40 నిమిషాలపాటు మెల్లగా, పక్కన బీపీ చూస్తూ ఇస్తారు. మనుషుల ఆపరేషన్లకి అమెరికాలో 1970లోనే పర్మిషన్ ఇచ్చారు. మామూలు టాబ్లెట్లు పట్టుకోడానికి నాలుగైదు వారాలు పడుతుంది, ఇది గంటల్లో పనిచేస్తుంది ఎందుకంటే మెదడు రసాయనాల్లో దీని దారి సెరటోనిన్ కాదు గ్లుటమేట్. రోజూ చచ్చిపోతానంటున్న మనిషికి ఆ నాలుగు వారాలంటే ఏంటో ఇంట్లో ఉన్నోళ్ళకే తెలుస్తుంది, మా తమ్ముడి విషయంలో నేను చూశా.

రమణ_ఫార్మా: పశువులకి వాడతారా లేదా, ముందు అది చెప్పండి.

గుంటూరు_శ్రీను: వాడతారు. పెన్సిలిన్ కూడా వాడతారు. అయితే?

రమణ_ఫార్మా: అయితే ఏంటో నేను చెప్తా. మా బావమరిదిని ఒక ప్రైవేట్ క్లినిక్‌కి తీసుకెళ్ళాం. ప్యాకేజీ అని ముందే మొత్తం కట్టించుకున్నారు, మొదటి డ్రిప్పుకే లేచి కూర్చుని అన్నం తిన్నాడు, ఇంటిల్లిపాదీ ఏడ్చేశాం సంతోషంతో. కొన్నాళ్ళకే మళ్ళీ మంచం. అడిగితే ఇంకో ప్యాకేజీ అన్నారు. సైకియాట్రిస్ట్ అనేవాడి మొహం ఒక్కసారి కూడా చూపించలేదు.

గుంటూరు_శ్రీను: అది ఆ క్లినిక్ చేసిన దగా, మందుది కాదు. ఒక్క డోసు ఎఫెక్టు వారం అటూఇటూ ఉంటుంది, అందుకే వారానికి రెండు చొప్పున కొన్ని వారాలు ఇచ్చి తర్వాత దూరం పెంచుతారు, టాబ్లెట్లు ఆపరు.

వంశీ_డల్లాస్: ఇక్కడ 2019లో ఎస్కెటమిన్ అని, కెటమిన్ రకమే, ముక్కు స్ప్రే వచ్చింది. కొట్టాక కనీసం 2 గంటలు క్లినిక్‌లోనే కూర్చోబెడతారు, ఆ రోజు డ్రైవింగ్ చేయనివ్వరు.

రమణ_ఫార్మా: అదే స్ప్రేని బ్రిటన్‌లో ఏ మందులు వాడాలో చెప్పే సంస్థ నైస్ వాళ్ళు 2022లో సిఫారసు చేయలేదు, అది కూడా చెప్పండి.

పద్మజ_విశాఖ: లక్ష్మి గారు రెండు అడిగారు. ఈసీటీ గురించి ఒక్కరూ నోరు విప్పరేం?

గుంటూరు_శ్రీను: కరెంట్ పెట్టించారని తెలిస్తే ఆ పిల్లకి రేపు సంబంధం వస్తుందా అండి? మా తమ్ముడికీ చెప్పారు, మా నాన్న ససేమిరా అన్నారు. అయినా అమెరికాలో 400 మందికి పైగా తీసుకుని చేసి, 2023లో బయటపెట్టిన ట్రయల్‌లో కెటమిన్‌కి 55 శాతం మందికి తగ్గింది, ఈసీటీకి 41.

పద్మజ_విశాఖ: ఆ ట్రయల్‌లో సైకోసిస్, అంటే లేనివి వినిపించడం, కనిపించడం లాంటివి ఉన్నవాళ్ళని తీసుకోలేదు, ఆ ముక్క మింగేశారు. మా అమ్మ అన్నం నీళ్ళు మానేసి గోడకి తిరిగి పడుకుంటే ఈసీటీనే ఆమెని మాకు తిరిగిచ్చింది. కొన్ని నెలల సంగతులు గుర్తులేవు, నిజమే. మా పెద్దమ్మ వాళ్ళు మాత్రం ఇప్పటికీ శుభకార్యాలకి పిలవరు. మత్తు ఇవ్వకుండా పెట్టకూడదని మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, ఇంకా సినిమాల్లో చూసిందే పట్టుకుని మాట్లాడతారేంటి? మీరు కెటమిన్ వైపు వెళ్ళింది పరువు కోసం, సైన్సు కోసం కాదు.

గుంటూరు_శ్రీను: పరువు కాదు, బతుకు. ఆఫీసులో తెలిస్తే మావాడి ఉద్యోగం ఉండేది కాదు. ఇప్పుడు పనికి వెళ్తున్నాడు.

రమణ_ఫార్మా: మా అత్తగారూ ఇదే మాటన్నారు శ్రీనూ. ఈసీటీ రాసిన డాక్టర్ని మార్పించి ఆ క్లినిక్ వెతికిందే ఆవిడ. నా మంట అదీ.

పద్మజ_విశాఖ: లక్ష్మి గారూ, చెల్లికి బీపీ ఉందా? లేనివి వినిపించడం, కనిపించడం లాంటివి?

లక్ష్మి_కాకినాడ: బీపీ లేదండి. ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందని ఈమధ్య అంటోంది. నీరసం వల్ల అనుకుని డాక్టర్ గారికి చెప్పలేదు.

పద్మజ_విశాఖ: రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి. అలాంటివి ఉన్నవాళ్ళకి కెటమిన్ మామూలుగా ఇవ్వరు, ఈసీటీ బాగా పనిచేసేది కూడా వాళ్ళకే.