కహాబాను ముంచింది నదా, సెల్మానా?

నదిగట్టు:
అమెరికాలో అలబామా రాష్ట్రానికి 1820లో రాజధాని కహాబా. 1826లో ఆ హోదా టస్కలూసాకు పోయినా, డల్లాస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రంగా 1866 దాకా నిలిచింది. ఇప్పుడక్కడ ఊరే లేదు. రెండు నదులు కలిసే పల్లంలో కట్టుకున్నారు, 1865 వరద ముంచేసింది. ఇందులో చర్చ ఏముంది?

పాతపటం:
చాలా ఉందండీ. వరదే కారణమైతే 1825లోనే ఖాళీ అవ్వాలి. అప్పుడూ నీళ్లొచ్చాయి, ఆ సాకుతోనే గిట్టనివాళ్లు రాజధానిని లాగేసుకున్నారు. అయినా ఊరు కోలుకుంది. చుట్టుపక్కల పండిన పత్తి ఇక్కడి రేవులోనే స్టీమర్ ఎక్కి మొబైల్ అనే సముద్ర రేవుపట్నానికి పోయేది. 1859లో రైలూ వచ్చింది. దెబ్బ కొట్టింది అమెరికా అంతర్యుద్ధం. కాన్ఫెడరేట్ ప్రభుత్వం, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ప్రభుత్వం, ఆ పట్టాలు పీకి వేరే లైనుకు వేసుకుంది. పత్తి గోడౌన్‌ను జైలు చేశారు. 1865లో నది పొంగితే అందులోని ఖైదీలు రోజుల తరబడి నీళ్లలోనే నిలబడ్డారు. మరుసటి ఏడాది కౌంటీ కోర్టు దగ్గర్లోని సెల్మా పట్నానికి పోయింది. కోర్టు పోయాక ప్లీడర్లెందుకుంటారు, వాళ్లను నమ్ముకున్న హోటళ్లెందుకుంటాయి? చివరికి 1878లో చర్చిని కూడా విప్పి మార్టిన్స్ స్టేషన్ అనే ఊరికి మోసుకెళ్లారు.

నదిగట్టు:
సెల్మా ఎత్తైన గట్టు మీద ఉంది కాబట్టేగా కోర్టు అటు పోయింది? తిరిగి తిరిగి నది దగ్గరికే వచ్చారు మీరు.

మట్టిరోడ్డు:
ఇద్దరూ ఊరు చచ్చిందనే అంటున్నారు. ఎవరి ఊరండీ? 1860లో డల్లాస్ కౌంటీ జనాభాలో నాలుగింట మూడొంతుల మంది బానిసలే. ఆ పత్తి వైభవం వాళ్ల వీపుల మీద లేచిందే కదా. తెల్లవాళ్లు సామాన్లు సర్దుకున్నాక, విడుదలైన నల్లజాతివాళ్లు ఖాళీ స్థలాల్లో సేద్యం చేసుకున్నారు, పాత కోర్టు భవనంలో రాజకీయ సభలు పెట్టుకున్నారు. ఓటు కొత్తగా చేతికొచ్చిన రోజులవి. మీరు పతనం అంటున్న కాలం వాళ్లకు ఆరంభం. ఆ కథ వదిలేసి వరదా కోర్టా అని లెక్కలేస్తే ఎలా?

పాతపటం:
మట్టిరోడ్డు గారూ, ఆ మాట కాదనను. కానీ వాళ్ల ఊరు మాత్రం ఎందుకు నిలవలేదు? రైలు లేదు, కోర్టు లేదు, పనీ లేదు. తర్వాత ఒకప్పటి బానిసే 500 డాలర్లకు ఊరి స్థలంలో చాలా భాగం కొని, మిగిలిన భవనాలు కూల్చి ఆ సామాను పడవల్లో మొబైల్‌కు, సెల్మాకు పంపాడు. ఇటుకలకు పలికిన ధర ఊళ్లో ఇంటికి పలకలేదు. దీన్ని కూడా నదికి అంటగడదామా, నదిగట్టు గారూ?